గోరింక పేరు మీద కార్డు

"మూడోసారి అడుగుతున్నాను. ఆ కార్డు నీది కాకపోతే మరెవరిదే?"

అమ్మ చేతిలో చొక్కా ఉంది, చొక్కాకి సగం కుట్టిన కాజా ఉంది. రెడీమేడ్ దుకాణానికి కాజాలు కుట్టిచ్చే మనిషి ఆవిడ. పైకప్పు ఊడి మీద పడుతున్నా ఆ సూది ఆగదు. నోరు అసలే ఆగదు.

"నాకు తెలీదమ్మా. నేను తీసుకోలేదు."

"నువ్వు తీసుకోకుండానే బ్యాంకువాళ్ళకి నీ పేరు కల్లోకొచ్చిందా?"

గోరింక చేతిలోని ఫోను బోర్లించింది. చిన్నప్పుడు నిద్రలో కూడా వాగుతుండేదని నాన్న పెట్టిన పేరది. ఇరవై ఏళ్ళొచ్చినా ఇంట్లో అదే పేరు. నిన్న మధ్యాహ్నం ఫోనుకి ఆ మూడు లైన్ల కబురు వచ్చినప్పటి నుంచి ఆ పిల్ల నోట అడిగినదానికి మించి మాట రాలేదు. మీ పేరు మీద ఇప్పటికే ఒక క్రెడిట్ కార్డు ఉంది, పదకొండు నెలలుగా దాని బాకీ కట్టలేదు, కాబట్టి మీరు అడిగిన స్టూడెంటు కార్డు ఇవ్వలేం. అంతే ఆ మూడు లైన్లూ.

పాపం, ఆ స్టూడెంటు కార్డు కోసం ఎంత వెతికిందో మీకు తెలియాలి. నెల రోజులు ఒక నోటుపుస్తకం పెట్టుకుని, పన్నెండు కార్డుల సంగతులు గళ్ళు గీసి రాసుకుంది. ఏడాది రుసుము ఉందా, వడ్డీ ఎంత, గడువు ఎన్ని రోజులు, ఒక్క రోజు ఆలస్యమైతే ఎంత గుంజుతారు అని వంకాయలో పుచ్చు వెతికినట్టు వెతికింది. బహుమతులిస్తామన్న కార్డులన్నిటినీ ముందే కొట్టేసింది. చివరికి రుసుము లేనిది, చిన్న పరిమితి ఉన్నది ఒకటి ఏరుకుంది.

ఎందుకింత తాపత్రయమంటే, ఎక్స్‌రే తీసే శిక్షణలో సీటొచ్చింది కాబట్టి. ఫీజు ఒక్కసారే కట్టాలి. లేదంటే విద్యార్థి సొంత పేరు మీదున్న క్రెడిట్ కార్డు ఇస్తే అందులోంచి నెలనెలా కోసుకుంటారు. ఒక్కసారే కట్టే స్తోమతు ఈ ఇంటికి ఏనాడూ లేదు. గడువు ఈ రోజు సాయంత్రం ఐదింటిదాకా. ఐదు దాటితే ఆ సీటు జాబితాలో తర్వాత ఉన్నవాళ్ళకి పోతుంది. మళ్ళీ బ్యాచి రెండేళ్ళకి గానీ లేదు.

"ఆ ఫోను ఎక్కడిది?" అంది అమ్మ.

"స్కాలర్‌షిప్పుతో కొన్నాను. రసీదు చూపించాను కదా."

"రసీదులెవరైనా చూపిస్తారు. ఎవడైనా ఉన్నాడా? వాడికేమైనా పెట్టావా?"

"అమ్మా."

"అడక్కుండా ఎలా ఉంటానే? పదకొండు నెలలు. రోజూ నా పక్కన కూర్చుని తిని, నా మొహం చూసి మాట్లాడుతూ, పదకొండు నెలలు."

గోరింక నాన్న వైపు చూసింది. నాన్న కిటికీ దగ్గర కూర్చుని డబ్బాలో కిరోసిన్ పోసి కుంచెలు కడుగుతున్నాడు. నిన్న కూడా అవే కుంచెలు కడిగాడు. వాటికి రంగు అంటి ఎన్ని వారాలైందో ఆయనకే తెలియాలి. బోర్డులు రాసే పెయింటరు ఆయన. ఈ వీధిలో మందుల షాపు మొదలు మంగలి షాపు దాకా పాత అక్షరాలన్నీ ఆయన చేతివే. ఫ్లెక్సీలొచ్చాక ఆ చేతికి పని పోయింది.

"బ్యాంకువాళ్ళ పొరపాటయి ఉంటుంది" అన్నాడు తల ఎత్తకుండా.

"అయితే నువ్వూ రా నాన్నా. ఇద్దరం వెళ్ళి అడుగుదాం."

"నాకు పనుంది."

పని లేదని ఆ గదిలో ముగ్గురికీ తెలుసు.  గోరింక చెప్పులేసుకుని ఒక్కతే బయల్దేరింది.

*

బ్యాంకులో అప్పుల విభాగం ఆవిడ కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసి, కంప్యూటరు తెరను కాస్త పక్కకి తిప్పింది. మంచి మనిషే. కాకపోతే ఇలాంటి మొహాలు రోజుకి పది చూసి చూసి, జాలి కూడా టోకెను నంబరు ప్రకారమే పంచుతుంది.

"ఇదీ మీ అప్లికేషను. కాలేజీ గుర్తింపు కార్డు, ఫొటో, చిరునామా, అన్నీ మీవే. సంతకం కూడా సరిపోయింది. ఫోన్ నంబరు ఒక్కటే వేరు."

ఆ నంబరు నాన్నది.

గోరింక సంతకం వైపు చూసింది. ఇక్కడ ఆ ఇంటి సంతకాల సంగతి చెప్పకపోతే లాభం లేదు. ఆ ఇంట్లో ఎవరి సంతకమూ ఎవరూ సొంతంగా నేర్చుకోలేదు. అన్నీ పెయింటరే గీసిచ్చాడు. పెళ్ళయిన కొత్తలో వేలిముద్ర వేసే భార్యకి ఒకటి గీసి, పలక మీద దిద్దించాడు. కూతురు పదో తరగతి పరీక్షకి దరఖాస్తు పెట్టే రోజున పొద్దున్నే కూర్చోబెట్టి నలభై రకాలు గీసి, అందులో ఒకటి ఎంచాడు. చివరి అక్షరం తోక ఆకులా విచ్చుకుంటుంది, కింద పొడుగ్గా ఒక గీత. ఇది నీకు నేనిచ్చే ఆస్తి అన్నాడు ఆ రోజు. ఆ పిల్ల మురిసిపోయింది.

గోరింక ఆ గీతను ఎడమ నుంచి కుడికి లాగుతుంది. అందరూ అలాగే లాగుతారు. తెర మీద ఉన్న గీత కుడివైపు లావుగా మొదలై ఎడమవైపుకి సన్నబడిపోయింది. నాన్నది ఎడమచేతి వాటం. బోర్డు కింద గీత గీసినా, గోడ మీద గీత గీసినా, ఊపిరి బిగబట్టి కుడి నుంచే లాగుతాడు.

గోరింక తెర మీంచి చూపు తిప్పుకుంది. 

"ఇది నేను పెట్టలేదు" అంది.

"మరెవరు పెట్టారో తెలుసా?"

"తెలీదు."

ఆవిడ ఒక్క క్షణం ఆ పిల్ల మొహంలోకి చూసి, సొరుగులోంచి రెండు ఫారాలు తీసింది.

"చూడమ్మా. ఇది ఫిర్యాదు. ఆ సంతకం నాది కాదని రాసి ఇవ్వాలి. ఇచ్చారంటే ఆ కార్డు మీ పేరు మీంచి అప్పటికి తీసి పక్కన పెడతాం. మీ స్టూడెంటు కార్డు వెంటనే కదులుతుంది, నంబరు పావుగంటలో మీ ఫోనుకి వస్తుంది. కానీ ఫిర్యాదు మా దగ్గర ఆగదు, పోలీసులకి వెళ్తుంది. ఇది రెండోది. బాకీ నాదేనని ఒప్పుకోవడం. వడ్డీ కొంత తగ్గించి నాలుగేళ్ళ వాయిదాలు చేస్తాం. అవి తీరేదాకా మీకు ఇంకో కార్డు ఎక్కడా రాదు."

"మూడోది ఏమీ లేదాండీ?"

"ఉంటే ముందు అదే చెప్పేదాన్ని. నాలుగున్నర లోపు రండి. తర్వాత నేను లోపలికి వెళ్ళిపోతాను."

*

ఇంటి ముందుగదిలో సగం స్థలం ఆ మిషనే తినేసింది. స్టిక్కరు అక్షరాలు కోసే మిషను. రెండేళ్ళ కిందట నాన్న తెచ్చాడు, పాత స్నేహితుడు వాయిదాల మీద ఇచ్చాడని చెప్పాడు. ఏడాది తిరగ్గానే పాడైంది. ఇప్పుడు దాని మీద దుప్పటి, దుప్పటి మీద అమ్మ కాజాలు కుట్టిన చొక్కాల దొంతర.

గోరింక గుమ్మంలోనే నిలబడింది.

"నాన్నా. కింద గీత కుడి నుంచి ఉంది."

కుంచెలు కడిగే చెయ్యి ఆగిపోయింది. కుంచెను డబ్బా అంచుకి ఆనించాడు.

"నా పేరు మీద కార్డు ఇవ్వనన్నారు" అన్నాడు. "అన్ని చోట్లా అడిగాను. మిషనుంటే పనొస్తుందనుకున్నాను. నీకు అప్పుడే పద్దెనిమిది నిండాయి. మార్కెట్టు దగ్గర గొడుగు వేసుకుని ఒకతను కార్డులు రాయిస్తున్నాడు. స్టూడెంటు పేరైతే పెద్దగా కాగితాలు అడగరన్నాడు. నీ కాలేజీ కాగితాలు జిరాక్సుకి ఇచ్చావు కదా, అవి నా దగ్గరే ఉన్నాయి."

"నాకు చెప్పొచ్చు కదా."

"చెప్తే వద్దంటావని."

"ఏ కార్డు నాన్నా అది? పెద్ద సూట్‌కేసు ఫ్రీగా ఇచ్చేదేనా?"

నాన్న కుంచెను మళ్ళీ డబ్బాలో ముంచాడు.

"ఆ సూట్‌కేసు నా పుట్టినరోజుకని కొన్నానన్నావు."

"నీకే కదా ఇచ్చాను."

గోరింక చెప్పులు విప్పి లోపలికొచ్చింది. "తీసుకుంటే తీసుకున్నావు, కాస్త మంచిదైనా చూసుకోవాల్సింది. నా పుస్తకంలో మొట్టమొదట కొట్టేసిన కార్డు అది. అంత వడ్డీ ఇంకెవరూ వేయరు."

"నేను కట్టానమ్మా." నాన్న గొంతు పెరిగింది. "పదమూడు నెలలు కట్టాను. ఒక్క రోజు దాటనివ్వలేదు. కాగితంలో ఎంత రాస్తే అంతా కట్టాను."

"ఏ గడిలో రాసింది?"

"కనీసం కట్టవలసినది అని ఉండేది. అదే వాయిదా అనుకున్నాను."

"అది వాయిదా కాదు నాన్నా. అది కడితే ఆ నెలకి వాళ్ళు మన జోలికి రారు, అంతే. తీసుకున్న అసలు అలాగే ఉంటుంది. వడ్డీ దాని మీద పడుతూనే ఉంటుంది."

"తర్వాత తెలిసింది. పదమూడు నెలలు కట్టాక చూస్తే, తీసుకున్నదానికంటే బాకీ ఎక్కువైంది. అదే నెలలో మిషను పోయింది." ఆయన చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "ఇంక కట్టబుద్ధి కాలేదు. నీకు ఉద్యోగం వచ్చేలోగా ఎలాగోలా తీర్చేద్దామనుకున్నాను. ఈ లోపలే నీకు కార్డు కావలసొస్తుందని నేనేం కలగన్నానా?"

వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో తెలియదు. సూది ఆగిపోయింది.

"నా సంతకం కూడా నువ్వే గీశావు" అంది.

నాన్న గుడ్డ మడిచి పక్కన పెట్టాడు.

"నా పేరు మీద ఏమైనా ఉందా?"

"లేదు."

"లేదంటే ఇప్పుడు లేదా, ఎప్పుడూ లేదా?"

"అడిగాను. నీ పేరుకీ ఇవ్వనన్నారు."

అమ్మ అక్కడే నేల మీద కూలబడింది. ఏడుస్తుందేమోనని గోరింక దగ్గరికి వెళ్ళబోయింది. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"రెండు ఫారాలిచ్చారు" అంది గోరింక, ఎవరికి చెబుతోందో తెలియకుండా. ఏ ఫారం ఇస్తే ఏమవుతుందో చెప్పింది. పోలీసుల మాట చివర చెప్పింది.

"పెట్టు" అంది అమ్మ. "ఫిర్యాదు మీదే సంతకం పెట్టు. పోనీ పోలీసుల దగ్గరికి. కన్నకూతురి పేరు తాకట్టు పెట్టిన మనిషి ఎక్కడికి పోతే ఏం?"

"అమ్మా, నిజంగా తీసుకెళ్తారు."

"తీసుకెళ్ళనీ అంటున్నాను."

 బయట కూరగాయల బండివాడు అరుచుకుంటూ వెళ్ళిపోయాడు. అమ్మ చొక్కా తీసి ఒళ్ళో పెట్టుకుంది, మళ్ళీ పక్కన పెట్టింది.

"పెట్టకు" అంది కాసేపటికి. "నన్నేమీ అడక్కు. పొద్దున నిన్ను దొంగని చేసిన నోరు ఇది. ఇంక దీంతో నీకేం చెప్పను?"

"నువ్వు ఫిర్యాదే ఇవ్వు" అన్నాడు నాన్న మెల్లిగా. "సీటు పోగొట్టుకోకు. నేను తప్పు చేశాను. చేసినవాణ్ణి చేశానని చెప్పడానికి ఏముంది?"

"నువ్వు మాట్లాడకు నాన్నా."

ఆ మాట అంత గట్టిగా అన్నందుకు గోరింకకే బాధేసింది. నిన్నటి దాకా ఆ మనిషితో ఇలా మాట్లాడతానని కలలో కూడా అనుకోలేదు.

ఆ పిల్ల బల్ల దగ్గర కూర్చుంది. ఎంత కోపం వచ్చినా నాన్నను పోలీసు జీపులో ఊహించుకోలేకపోయింది. రెండో ఫారం తన ముందుకి లాక్కుని ఒక్కొక్క గడీ నింపింది. బాకీ నాదే. నా సొంత అవసరానికి వాడుకున్నాను. వాయిదాలకి ఒప్పుకుంటున్నాను. కింద సంతకం చేసింది. నాలుగేళ్ళు. అప్పటికి తనకి ఇరవై నాలుగు. తన సీటులో చేరిన మనిషికి అప్పటికి ఉద్యోగం కూడా వచ్చేసి ఉంటుంది. ఆ ఫారాన్ని కవరులో పెట్టి, ఫిర్యాదు ఫారాన్ని బల్ల మీదే బోర్లించి, మొహం కడుక్కోవడానికి లోపలికి వెళ్ళింది.

అమ్మ వెనకాలే వచ్చింది. తువ్వాలు అందించింది.

"రెండు ముద్దలు తిని వెళ్ళు."

"వద్దమ్మా."

"పొద్దున్నుంచి ఏమీ తినలేదు."

"తిన్నా దిగదు."

అమ్మ ఇంకేదో అనబోయి, ఆ పిల్ల జడలో ఊడిపోయిన పాయను సరిచేసింది. క్షమించమని అడగడం ఆవిడకి రాదు, ఎప్పుడూ నేర్చుకోలేదు. గోరింక కళ్ళు మూసుకుని నిలబడింది. ఇద్దరూ అలా ఎంతసేపున్నారో ఇద్దరికీ తెలియదు.

బయటికొచ్చేసరికి నాన్న కవరు పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. మూత జిగురుతో అంటించి ఉంది.

"గాలికి కాగితాలు ఎగిరిపోతాయని" అన్నాడు.

గోరింకకి అనుమానం రావాల్సింది. బల్ల మీద ఫిర్యాదు ఫారం ఉందో లేదో ఒకసారి చూడాల్సింది. చూడలేదు. నాన్న చెయ్యి తన తల మీద పడితే, ఆ బరువుకే కళ్ళలో నీళ్ళు తిరిగి, కవరు లాక్కున్నంత పని చేసి వీధిలోకి వెళ్ళిపోయింది.

*

నాలుగూ పదికి బ్యాంకులో ముందు ఇద్దరున్నారు. గోరింక వంతు వచ్చేసరికి నాలుగున్నర కావస్తోంది. ఆవిడ కవరు చింపి, ఫారం తీసి, మొదటి పేజీ చూసి, అలవాటుగా తేదీ ముద్ర కొట్టింది. తర్వాత రెండో పేజీ తిప్పి, కళ్ళద్దాలు కిందికి దించుకుంది.

"మంచి పని చేశావమ్మా" అంది. ఆవిడ నోట మీరు అనడం పోయి నువ్వు వచ్చింది. "కష్టమే. కానీ చాలామంది ఈ గడి ఖాళీగా వదిలేస్తారు. నువ్వు ధైర్యంగా రాశావు."

"ఏ గడి?"

ఆవిడ కాగితం కొంచెం ఇటు తిప్పింది. అది ఫిర్యాదు ఫారం. అనుమానితుడు అన్న చోట, తండ్రి, బోర్డులు రాసే పెయింటరు అని ఉంది. గుండ్రటి అక్షరాలు, ఒకదానికొకటి సరిగ్గా అంతే దూరం, దుకాణం బోర్డు మీద రాసినట్టు. అడుగున గోరింక సంతకం. తోక దగ్గర ఆకు కూడా వేశాడు. ఎంత శ్రద్ధగా వేశాడో.

తను నింపిన ఫారం కవరులో లేదు.

గోరింకకి మొదట ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా ఒక్కసారే అర్థమైంది. తను చేయలేనని, తన బదులు ఆయనే చేసేశాడు. కూతురి పేరుతో తన మీద తనే ఫిర్యాదు రాసుకుని, జిగురు పెట్టి అంటించి, తల మీద చెయ్యి వేసి పంపించాడు.

"అదొకసారి ఇటివ్వండి" అంది.

"ముద్ర పడ్డాక ఇవ్వకూడదమ్మా. ఏం, ఏదైనా తప్పు రాశావా?"

"కాదు."

"మరి?"

గోరింక బల్ల అంచు పట్టుకుంది. సంతకం తనదేనంటే, నాన్నను తనే పట్టించినట్టు. కాదంటే, ఇక్కడ, ఈ బల్ల మీద, ఈవిడ కళ్ళెదుట నాన్న రెండోసారి దొంగసంతకం పెట్టినట్టు. అప్పుడు సీటూ పోతుంది, ఆయనా పోతాడు. ఎటు తిప్పి చూసినా నాన్న బయటపడే దారి లేదు. పెయింటరుకి అక్షరాలు కుదిరినట్టు పనులు ఏనాడూ కుదరలేదు.

"ఈ సంతకం నీదే కదా?" అంది ఆవిడ. ఈసారి గొంతులో తొందర ఉంది.

"నాదే" అంది గోరింక.

"అయితే దాని పక్కనే, నేను చూస్తుండగా ఇంకోసారి పెట్టు. ఫిర్యాదులకి మా పద్ధతి అది. పెట్టగానే పంపించేస్తాను, నీ కార్డు కూడా కదులుతుంది."

ఆవిడ పెన్ను అందించింది. గోరింక తీసుకుంది. కాగితం మీద పెన్ను ఆనించాక, తన సంతకం ఏ అక్షరంతో మొదలవుతుందో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.